ప్రాసెసర్ వోల్టేజి, క్లాక్ మారుస్తున్నారా? రోహిణి ఎండలకు నిలబడేలా చేయండి

డిసెంబరులో భీమవరంలో రాత్రంతా టెస్టు నడిపి, ఒక్క తప్పూ రాలేదని ఖాయం చేసుకున్న సెట్టింగు మే నెలలో పెళ్లి వీడియో రెండర్ సగంలో ఉండగా బ్లూ స్క్రీన్ ఇస్తుంది. చాలామంది విండోస్ పాడైందనుకుని ఫార్మాట్ కొట్టిస్తారు. వారం తిరక్కుండా మళ్లీ అదే గోల. నిజానికి మారింది గది. అప్పుడు గదిలో 24 డిగ్రీలు, ఇప్పుడు 37. ఎంత ఖరీదైన గాలి, నీటి కూలరైనా ప్రాసెసర్ చిప్‌ను గది గాలికన్నా చల్లగా ఉంచలేదు. గది 13 డిగ్రీలు వేడెక్కితే అదే లోడ్ మీద చిప్ కూడా దాదాపు 13 డిగ్రీలు వేడెక్కుతుంది. వేడెక్కిన చిప్‌కు అదే క్లాక్ (పనిచేసే వేగం) నడపడానికి కాస్త ఎక్కువ వోల్టేజి కావాలి. చలికాలంలో అంచున నిలిచిన సెట్టింగు ఎండాకాలంలో అంచు దాటిపోయేది అందుకే.

పైగా మన దగ్గర వైశాఖ, జ్యేష్ఠ మాసాల పెళ్లిళ్లు, ఎండలు, సాయంత్రం ఈదురుగాలులకు కరెంటు పోవడం అన్నీ ఒకే నెలల్లో వస్తాయి. ఆల్బమ్ డిజైన్, వీడియో ఎడిటింగ్ చేసేవారి సిస్టమ్‌కు ఏడాదంతటిలో ఎక్కువ పని పడేదీ అప్పుడే. కాబట్టి గోదావరి డెల్టాలో ఏసీ లేని గదిలో ఉండే సిస్టమ్‌కు మొదట చేయాల్సింది వాట్లు తగ్గించడం. క్లాక్ పెంచడం ఆ తర్వాతి మాట. రెండింటిలోనూ ప్రమాదాలున్నాయి, అవి వేరువేరు రకాలు.

వోల్టేజి లెక్క

చిప్ వాడుకునే శక్తిలో పెద్ద వాటా క్లాక్‌తో నేరుగానూ, వోల్టేజి వర్గంతోనూ పెరుగుతుంది. 4.6 గిగాహెర్ట్జ్ దగ్గర 1.20 వోల్టులతో నడిచే చిప్‌ను 5.0కు ఎక్కించడానికి 1.35 వోల్టులు కావాల్సి వచ్చిందనుకోండి. 1.35ను 1.20తో భాగించి వర్గం చేస్తే 1.27. దాన్ని క్లాక్ పెరుగుదల 1.087తో గుణిస్తే 1.38. తొమ్మిది శాతం వేగానికి 38 శాతం ఎక్కువ వేడి అన్నమాట. 120 వాట్ల చిప్ 165 వాట్లకు చేరుతుంది. వోల్టేజితో, వేడితో లీకేజీ (పని చేయకుండా కారిపోయే కరెంటు) కూడా పెరుగుతుంది కాబట్టి అసలు అంకె ఇంకాస్త పైనే ఉంటుంది. ఇంతా చేస్తే గంట పట్టే రెండర్ 55 నిమిషాల్లో అవుతుంది.

అదే లెక్క తిరగేసి చూడండి. క్లాక్ 5 శాతం తగ్గించి, వోల్టేజి 1.20 నుంచి 1.10కి దించితే వాట్లు 20 శాతం తగ్గుతాయి. గంట పని 63 నిమిషాలు పడుతుంది. మే నెలలో ఆ మూడు నిమిషాలు వదులుకుంటే ఫ్యాన్ రొద తగ్గుతుంది, యూపీఎస్ మీద భారం తగ్గుతుంది, చిప్ 90ల్లో మగ్గకుండా 80 చుట్టుపక్కల నడుస్తుంది. వేడి ఎక్కువై చిప్ తనంతట తాను వేగం తగ్గించుకునే పరిస్థితిలో ఉన్న సిస్టమ్‌లోనైతే వోల్టేజి తగ్గించడం వల్ల వేగం పెరుగుతుంది కూడా.

ఏ సిస్టమ్‌లో ఏది మార్చవచ్చు

ఇంటెల్‌లో గుణకం (బేస్ క్లాక్‌ను ఎన్ని రెట్లు చేయాలో చెప్పే అంకె) పెంచాలంటే పేరు చివర కే అక్షరం ఉన్న చిప్, జెడ్ వరస చిప్‌సెట్ బోర్డు రెండూ ఉండాలి. హెచ్610, బీ660, బీ760 బోర్డుల్లో ప్రాసెసర్ గుణకం పెరగదు. పవర్ లిమిట్లు (చిప్ లాగే వాట్ల హద్దులు) మాత్రం చాలా బోర్డుల్లో మార్చుకోవచ్చు. ఏఎమ్‌డీ రైజెన్‌లో దాదాపు అన్ని డెస్క్‌టాప్ చిప్‌లకూ తాళం ఉండదు. 5800ఎక్స్‌3డీ లాంటి కొన్ని ఎక్స్‌3డీ చిప్‌లు అందుకు మినహాయింపు. బోర్డు బీ వరసో, ఎక్స్ వరసో అయి ఉండాలి. ఏ320, ఏ520, ఏ620 బోర్డుల్లో ప్రాసెసర్ క్లాక్ పెంచే వీలు ఇవ్వలేదు. తాళం ఉన్న చిప్‌లో బేస్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్‌ను 103, 105 చేసి వేగం లాగమని సలహాలు కనిపిస్తుంటాయి. కొన్ని బోర్డుల్లో ఆ గడియారం మీదే పీసీఐ ఎక్స్‌ప్రెస్, దాని వెంట ఎస్ఎస్‌డీ కూడా నడుస్తాయి. ప్రాసెసర్ తట్టుకున్నా డిస్కు మీద రాత చెడవచ్చు. దాని జోలికి అసలు వెళ్లవద్దు.

మొదట కరెంటు సంగతి

బయోస్ (బోర్డు సెట్టింగుల మెనూ) తెరవకముందే ఇంటి కరెంటు చూడాలి. మల్టీమీటర్‌తో ప్లగ్ దగ్గర పగలు ఒకసారి, రాత్రి పది దాటాక ఒకసారి వోల్టేజి కొలవండి. ఉండి, ఆకివీడు, కాళ్ల వైపు చెరువుల మీద ఏరేటర్లు ముఖ్యంగా రాత్రిపూట తిరుగుతాయి, నీటిలో ఆక్సిజన్ తగ్గేది అప్పుడే కాబట్టి. రాత్రి రెండర్ పెట్టి పడుకునే అలవాటున్నవారు ఆ సమయంలోనే కొలవాలి. 230 ఉండాల్సిన చోట 200 కన్నా కిందికి పడుతుంటే ఎస్ఎంపీఎస్ (క్యాబినెట్‌లోని పవర్ సప్లై) మీది స్టిక్కరు చదవండి. 100–240 అని ఉంటే ఇబ్బంది తక్కువ. 200–240 అని మాత్రమే ఉంటే లో వోల్టేజిలో లోడ్ పెరిగిన క్షణాన సిస్టమ్ రీస్టార్ట్ కావచ్చు. మీరేమో దాన్ని ఓవర్‌క్లాక్ (క్లాక్ పెంచడం) వల్ల వచ్చిన తప్పనుకుని వోల్టేజి ఇంకా పెంచుతారు. అనవసరంగా చిప్‌ను కాల్చే దారి అది.

ఎస్ఎంపీఎస్ పేరులేని సరుకైతే క్లాక్ పెంచే ఆలోచన అక్కడితో వదిలేయండి. క్యాబినెట్‌తో పాటు వచ్చే, పైన 450 వాట్లు అని రాసి ఉండే వాటిలో చాలావాటికి 12 వోల్టుల లైన్ మీద అంత సత్తా ఉండదు. స్టిక్కరు మీద 12 వోల్టుల ఎదురుగా ఉన్న ఆంపియర్లను 12తో గుణిస్తే అసలు శక్తి తెలుస్తుంది. మామూలు గ్రాఫిక్స్ కార్డుతో ఉన్న సిస్టమ్‌కు మంచి కంపెనీ 550 లేదా 650 వాట్ల, 80 ప్లస్ బ్రాంజ్ గుర్తున్నది సరిపోతుంది. బోర్డు మీద ప్రాసెసర్‌కు 8 పిన్నుల సాకెట్ ఉంటే ఎనిమిదీ నిండేలా కేబుల్ పెట్టండి, నాలుగు పిన్నులతో సరిపెట్టవద్దు.

యూపీఎస్ దగ్గర చాలామంది లెక్క తప్పుతారు. 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సాధారణంగా 360 వాట్లు. ప్రాసెసర్ 165, గ్రాఫిక్స్ కార్డు 170, బోర్డు, డిస్కులు, ఫ్యాన్లు, మానిటర్ కలిపితే 400 దాటిపోతుంది. కరెంటు ఉన్నంతసేపూ ఏమీ తెలియదు. పోగానే యూపీఎస్ ఓవర్‌లోడై సిస్టమ్ ఒక్కసారిగా ఆగుతుంది, తెరిచి ఉన్న ప్రాజెక్టు ఫైలు పోతుంది. క్లాక్ పెంచిన సిస్టమ్‌కు కనీసం 1000 వీఏ, 600 వాట్లది పెట్టాలి. బ్యాటరీ మీద చదరపు తరంగం ఇచ్చే చవక యూపీఎస్‌లతో కొన్ని యాక్టివ్ పీఎఫ్‌సీ ఎస్ఎంపీఎస్‌లు పడవు. ఫైళ్లన్నీ మూసేసి, ప్లగ్ స్విచ్ కట్టి ఒకసారి చూసుకోండి.

ఎర్త్ కూడా చూడాలి. పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉంటుంది గానీ దాని వెనుక తీగ ఉండదు. ఎర్త్‌కూ న్యూట్రల్‌కూ మధ్య 2, 3 వోల్టులకన్నా ఎక్కువ చూపిస్తున్నా, క్యాబినెట్ ముట్టుకుంటే చిమచిమలాడుతున్నా ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఎర్త్ లేని సిస్టమ్‌లో మెరుపుల సాయంత్రం పోయేది బోర్డు, గ్రాఫిక్స్ కార్డు, నెట్‌వర్క్ పోర్టు. ఆ నష్టాన్ని ఏ బయోస్ సెట్టింగూ ఆపలేదు.

గాలి, దుమ్ము, ఉప్పు

సైడు తలుపు బిగించి, వెనక పలక ఉన్న కంప్యూటర్ టేబుల్ అరలో క్యాబినెట్ పెడితే అది వదిలిన వేడి గాలినే మళ్లీ పీల్చుకుంటుంది. బయటికి లాగి, గోడకు జానెడు దూరంలో పెట్టండి. ఒక్క పైసా ఖర్చులేకుండా కొన్ని డిగ్రీలు తగ్గుతాయి. రైస్ మిల్లులకు దగ్గర్లో ఉన్నవాళ్లకు ఊక బూడిద, తీరానికి దగ్గర్లో అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ వైపు వాళ్లకు ఉప్పు గాలి అదనపు సమస్యలు. తేమతో కలిసిన దుమ్ము హీట్‌సింక్ రెక్కల మధ్య అట్టకడుతుంది. బ్లోయర్ కొట్టినా పైపొరే పోతుంది. ఫ్యాన్ విప్పి బ్రష్‌తో తీయాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకోండి.

ఉప్పు గాలి తగిలే చోట్ల ర్యామ్ బంగారు అంచుల మీద, స్లాట్‌లో మురికి పేరుకుని అచ్చం వోల్టేజి చాలనప్పుడు వచ్చే తప్పుల్లాంటివే వస్తాయి. అందుకే హ్యాంగ్ అవుతున్న సిస్టమ్‌లో వోల్టేజి పెంచేముందు ర్యామ్ తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో అంచులు తుడిచి, ఆరాక పెట్టి చూడండి. మూడు నాలుగేళ్లు దాటితే చిప్‌కూ కూలర్‌కూ మధ్య ఉండే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుంది. దాన్నీ తుడిచి కొత్తది పెట్టండి, మధ్యలో బఠాణీ గింజంత చాలు.

ఐసు గడ్డలు, ఏసీ గొట్టం నేరుగా చిప్ మీదికి తిప్పడం లాంటి ప్రయోగాలు మన తేమలో చేయకూడదు. 35 డిగ్రీలు, 65 శాతం తేమ ఉన్న గదిలో 27 డిగ్రీలకన్నా చల్లబడిన ఏ లోహం మీదైనా నీరు పడుతుంది. ఆ నీరు బోర్డు మీదికి దిగుతుంది.

మొదలుపెట్టేముందు భద్రం చేసుకోవాల్సినవి

ముఖ్యమైన ఫైళ్లన్నీ ఎక్స్‌టర్నల్ డిస్కులోకి ఎక్కించి, కేబుల్ తీసి పక్కన పెట్టండి. తగిలించి ఉంచిన డిస్కు బ్యాకప్ కింద లెక్క కాదు, చెడ్డ సెట్టింగు దాని మీద కూడా చెడ్డ రాత రాయగలదు. విండోస్ 11 ఉంటే బిట్‌లాకర్ రికవరీ కీ (డిస్కు తాళం తెరిచే అంకెలు) కాగితం మీద రాసుకోండి. బయోస్ అప్‌డేట్ చేసినప్పుడో, రీసెట్ చేసినప్పుడో 48 అంకెల ఆ కీ అడిగే అవకాశముంది. అది లేకపోతే డేటా చేతికి రాదు. బయోస్‌లో ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి.

బయోస్ అప్‌డేట్ యూపీఎస్ మీదే, ఉదయం పూట, మబ్బు లేనప్పుడు చేయండి. మధ్యలో కరెంటు పోతే బోర్డు చచ్చిపోతుంది. బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డైతే పెన్‌డ్రైవ్‌తో బతికించుకోవచ్చు. లేకపోతే సర్వీసు వాళ్ల దగ్గర చిప్ విప్పించి రాయించాలి.

తగ్గించడంతో మొదలుపెట్టండి

అన్నీ డిఫాల్ట్‌లో ఉండగా హెచ్‌డబ్ల్యూఇన్ఫో (చిప్ అంకెలు చూపే సాఫ్ట్‌వేర్) తెరిచి, సినీబెంచ్ ఆర్23 (రెండర్ వేగం కొలిచే టెస్టు) పది నిమిషాలు నడిపి నాలుగు అంకెలు రాసుకోండి: స్కోరు, గరిష్ఠ ఉష్ణోగ్రత, ప్యాకేజీ వాట్లు (చిప్ మొత్తం వాడే శక్తి), ఎఫెక్టివ్ క్లాక్ (నిజంగా అందే వేగం). పక్కనే గది ఉష్ణోగ్రత కూడా. గది అంకె లేని చిప్ ఉష్ణోగ్రతకు ఏ విలువా లేదు.

తర్వాత పవర్ లిమిట్. 105 వాట్ల తరగతి రైజెన్ చిప్‌లు సాకెట్ దగ్గర 142 వాట్ల దాకా లాగుతాయి. ఎకో మోడ్‌లో 65 వాట్ల తరగతి ఎంచుకుంటే ఆ హద్దు 88కి దిగుతుంది. ఇంటెల్‌లో పీఎల్1 (ఎక్కువసేపటికి), పీఎల్2 (కొద్దిసేపటికి) అని రెండు హద్దులుంటాయి. కొన్ని బోర్డులు వాటిని తమంతట తామే 4096 వాట్లకు పెట్టేసేవి, అంటే హద్దే లేదని. వాటిని ముందు ఇంటెల్ చెప్పిన అంకెలకు తీసుకురండి. కోర్ ఐ9 14900కేకు పీఎల్2 253 వాట్లు. గది వేడిని బట్టి 180, 150 దాకా దించవచ్చు. పవర్ లిమిట్ తగ్గించడంలో చిప్‌కు గానీ డేటాకు గానీ ప్రమాదం లేదు. వోల్టేజి, క్లాక్ జంటను చిప్ తన పట్టిక ప్రకారమే కిందికి తెచ్చుకుంటుంది. చాలామందికి ఇక్కడితో పని అయిపోతుంది, అయిపోవాలి కూడా.

అది చాలకపోతే వోల్టేజి. స్థిరంగా ఒక అంకె పెట్టకుండా ఆఫ్‌సెట్ పద్ధతి (చిప్ అడిగే వోల్టేజి నుంచి కొంత తీసివేయడం) వాడండి. మైనస్ 30 మిల్లీవోల్టులతో మొదలుపెట్టి, పదేసి చొప్పున దించుతూ, ప్రతిసారీ టెస్టు చేయండి. రైజెన్ 5000, ఆ తర్వాతి వరసల్లో కర్వ్ ఆప్టిమైజర్ (వోల్టేజిని మెట్లు మెట్లుగా తగ్గించే సెట్టింగు) ఉంటుంది. అందులో ఒక్కో మెట్టు సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు. అన్ని కోర్లకూ (చిప్‌లో విడివిడిగా లెక్కలు చేసే భాగాలు) మైనస్ 10తో మొదలుపెట్టండి. ఎవరో మైనస్ 30 పెట్టారని మీరూ అదే పెట్టవద్దు. ఒకే మోడల్‌లో కూడా ఏ రెండు చిప్‌లూ ఒకలా ఉండవు. ఒకే చిప్‌లో కోర్లు కూడా ఒకలా ఉండవు.

ఇక్కడ మోసపోయే చోట్లు రెండున్నాయి. మొదటిది: వోల్టేజి తగ్గాక సిస్టమ్ ఏ తప్పూ చూపించకుండా స్కోరు మాత్రం పడిపోవడం. వోల్టేజి చాలడం లేదని గ్రహించి చిప్ తన గడియారాన్ని సాగదీస్తుంది. తెర మీద 4.6 అనే కనిపిస్తుంది, ఎఫెక్టివ్ క్లాక్ వరసలో 4.3 ఉంటుంది. అందుకే ఉష్ణోగ్రత తగ్గిందని సంబరపడకముందు స్కోరు, ఎఫెక్టివ్ క్లాక్ చూడాలి. రెండోది: కర్వ్ ఆప్టిమైజర్ ఎక్కువ లాగితే భారీ టెస్టులన్నీ దాటేస్తుంది, ఏ పనీ లేకుండా ఖాళీగా ఉన్నప్పుడు రీస్టార్ట్ అవుతుంది. భారీ లోడ్‌లో కోర్లన్నీ తక్కువ క్లాక్‌లో ఉంటాయి. తేలిక పనిలో ఒకే కోర్ అన్నిటికన్నా ఎత్తుకు దూకేటప్పుడు తగ్గించిన వోల్టేజి చాలదు. దీన్ని పట్టుకోవడానికి కోర్‌సైక్లర్ అనే టెస్టు ఒక్కో కోర్‌నూ విడిగా పరీక్షిస్తుంది. రాత్రంతా వదిలేయండి.

క్లాక్ పెంచాలనే అనుకుంటే

డిఫాల్ట్‌లో, మీ గదిలో, మే నెల మధ్యాహ్నం పూర్తి లోడ్ మీద 80 డిగ్రీల లోపు ఉన్న సిస్టమ్‌కే ఇది తగుతుంది. బోర్డు మీద ప్రాసెసర్ పక్కన ఉండే వీఆర్ఎమ్ భాగాల మీద హీట్‌సింక్ లేకపోతే ఇక్కడే ఆగిపోండి. 12 వోల్టులను ఒక వోల్టు చుట్టుపక్కలకు దించే పని వాటిదే. వాట్లు పెరిగితే ముందు కాలేది అవే.

గుణకాన్ని ఒక్కో మెట్టు, అంటే 100 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచండి. వోల్టేజి ముట్టుకోకుండా ఎంతదాకా వెళ్తుందో చూడండి. ఆగిన చోట 10 నుంచి 15 మిల్లీవోల్టులు కలపండి. ఒక మెట్టు ఎక్కడానికి 50 మిల్లీవోల్టులకన్నా ఎక్కువ అడుగుతోందంటే చిప్ సత్తా అయిపోయినట్టు. రెండు మెట్లు వెనక్కి వచ్చి అక్కడ ఉండిపోండి. ఆటో వోల్టేజిలో వదిలేసి గుణకం మాత్రం పెంచడం ప్రమాదం. కొన్ని బోర్డులు నిలకడ కోసం అవసరాన్ని మించి వోల్టేజి గుమ్మరిస్తాయి.

స్థిర వోల్టేజికి హద్దు ఎంత అన్నదానికి మా సలహా: గాలి కూలర్‌తో, ఈ వాతావరణంలో, ఇంటెల్ 8 నుంచి 10వ తరాలకు 1.30, రైజెన్ 5000కు అన్ని కోర్ల మీద 1.25 వోల్టులు దాటవద్దు. రైజెన్ వాడేవారు ఒక అంకె చూసి పొరబడతారు. డిఫాల్ట్‌లోనే తేలిక పనిలో 1.45 వోల్టులు కనిపిస్తాయి. కంపెనీయే ఇస్తోంది కదా అని 1.40 స్థిరంగా పెట్టేస్తారు. ఒక్క కోర్ కాసేపు పనిచేసేటప్పుడు కరెంటు ప్రవాహం తక్కువ కాబట్టి చిప్ ఆ వోల్టేజిని అనుమతిస్తుంది. కోర్లన్నీ పనిచేసేటప్పుడు తానే కిందికి దించుకుంటుంది. స్థిరంగా పెడితే ఆ కాపలా తీసేసినట్టే.

లోడ్ లైన్ కాలిబ్రేషన్ అనే సెట్టింగు గురించి కాస్త వివరంగా చెప్పాలి. బోరు మోటారు వేయగానే ఇంట్లో బల్బు మసకబారినట్టు, లోడ్ పడగానే ప్రాసెసర్ దగ్గర వోల్టేజి కొంచెం దిగుతుంది. ఆ దిగుడు కావాలని పెట్టిందే. దిగకుండా బిగించి పెడితే లోడ్ ఒక్కసారిగా తగ్గిన క్షణంలో వోల్టేజి గీత దాటి పైకి ఎగురుతుంది. మైక్రోసెకన్లలో జరిగే ఆ ఎగురుడు ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ కనిపించదు, ఆసిల్లోస్కోప్ కావాలి. అందుకే అత్యధిక స్థాయి ఎప్పుడూ పెట్టవద్దు. మధ్య స్థాయిలో ఉంచి దిగుడును ఒప్పుకోండి. స్థాయి అంకెలు ఒక్కో కంపెనీ బోర్డులో ఒక్కోలా ఉంటాయి. కొన్నింటిలో 1 అంటే బలమైనది, కొన్నింటిలో బలహీనమైనది. పక్కన ఉండే బొమ్మ చూసి ఎంచుకోండి.

టెస్టు

సినీబెంచ్ దాటితే నిలకడ ఉన్నట్టు కాదు. ఓసీసీటీ గంట, ప్రైమ్95 లార్జ్ ఎఫ్ఎఫ్‌టీ కొన్ని గంటలు, తర్వాత మీ అసలు పని, అంటే అదే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పెద్ద రెండర్ ఒకటి. ప్రైమ్95లోనే ఉన్న స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ నిజ జీవితంలో రానంత వేడి పుట్టిస్తుంది, కూలర్ సత్తా చూడటానికి పదిహేను నిమిషాలు చాలు. ర్యామ్ వేగం మార్చి ఉంటే మెమ్‌టెస్ట్86 నాలుగు పాస్‌లు. ఒక్క తప్పు వచ్చినా ఆ సెట్టింగు పనికిరాదు.

టెస్టుకు మంచి సమయం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు. ఏసీ స్టూడియోలో ఉన్నవాళ్లు ఏసీ కట్టేసి చేయాలి. ఎందుకంటే కరెంటు పోయినప్పుడు యూపీఎస్ సిస్టమ్‌ను నిలబెడుతుంది గానీ ఏసీని కాదు, జనరేటర్ మీద కూడా చాలాచోట్ల ఏసీ తిరగదు. చలికాలంలో సెట్ చేసుకుంటున్నవారు దొరికిన చివరి మంచి సెట్టింగు మీద ఒక మెట్టు క్లాక్ తగ్గించి, లేదా తగ్గించిన వోల్టేజిలో 20 మిల్లీవోల్టులు తిరిగి కలిపి ఉంచండి. మేలో మళ్లీ పరీక్షించండి.

టెస్టు ముగిశాక విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్ తెరిచి సిస్టమ్ లాగ్‌లో హ్వియా లాగర్ (WHEA-Logger) పేరు వెతకండి. 19వ నంబరు అంటే చిప్ తప్పును తానే సరిచేసుకుంది. 18 అంటే సరిచేసుకోలేక పడిపోయింది. 19లు కనిపిస్తుంటే సిస్టమ్ చక్కగా నడుస్తున్నట్టే ఉంటుంది, కానీ అంచు మీద ఉంది. అలా వదిలేయకూడదు.

ఏవి చెడతాయి, ఎందుకు

అందరూ భయపడేది చిప్ కాలిపోతుందని. వేడి వల్ల ఒక్కసారిగా కాలడం అరుదు. ఇంటెల్ చిప్‌లు చాలావరకు 100, రైజెన్ 7000 చిప్‌లు చాలావరకు 95, 7800ఎక్స్‌3డీ 89 డిగ్రీల దగ్గర వేగం తగ్గించుకుంటాయి, దాటితే ఆగిపోతాయి. అతి వోల్టేజి మాత్రం ఆ కాపలాకు దొరకదు. చిప్ చల్లగా ఉండగానే ట్రాన్సిస్టర్లను నెమ్మదిగా అరగదీస్తుంది. సన్నని తీగల్లో కరెంటు సాంద్రత, వేడి రెండూ పెరిగినప్పుడు లోహపు పరమాణువులే చోటు మారుతాయి. అరిగిన చిప్ నిన్నటి క్లాక్‌కు నేడు ఎక్కువ వోల్టేజి అడుగుతుంది. ఇస్తే ఇంకా త్వరగా అరుగుతుంది.

ఇది డిఫాల్ట్ సెట్టింగుల్లోనూ జరగగలదని ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ చిప్‌లు చూపించాయి. చిప్ అడిగే వోల్టేజి మితిమీరి, కోర్‌లోని క్లాక్ భాగం అరిగి, ఆటలు, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు కూలిపోవడం మొదలైంది. 2024 ఆగస్టులో వచ్చిన 0ఎక్స్129 మైక్రోకోడ్ (బయోస్‌తో వచ్చే, చిప్ లోపలి ప్రోగ్రాము) 1.55 వోల్టులకు మించి అడగకుండా హద్దు పెట్టింది. తర్వాత 0ఎక్స్12బీ వచ్చింది. ఇంటెల్ ఆ చిప్‌లకు వారంటీని మరో రెండేళ్లు పెంచింది. మైక్రోకోడ్ ఇకపై జరిగే అరుగుదలను ఆపుతుంది, జరిగిపోయినదాన్ని బాగుచేయదు. ఆ తరం చిప్ ఉన్నవారు వేరే ఏ సెట్టింగైనా ముట్టుకునేముందు బయోస్ అప్‌డేట్ చేయాలి.

ర్యామ్‌ను దాని మీద రాసిన వేగానికి ఎక్కించే ప్రొఫైల్ కూడా ఓవర్‌క్లాకే. ఎక్స్‌ఎమ్‌పీ, ఎక్స్‌పో ఒక్క నొక్కుతో పెట్టేయవచ్చు కాబట్టి ఎవరూ దాన్ని లెక్కలో వేసుకోరు. 2023 ఏప్రిల్‌లో రైజెన్ 7000 ఎక్స్‌3డీ చిప్‌లు కొన్ని సాకెట్‌లోనే మాడిపోయాయి. ఎక్స్‌పో వేసినప్పుడు బోర్డులు ఎస్ఓసీ (చిప్‌లో ర్యామ్‌తో మాట్లాడే భాగం) వోల్టేజిని మరీ పైకి తీసుకెళ్లడం అందులో ఒక కారణం. ఏఎమ్‌డీ దానికి 1.3 వోల్టుల హద్దు పెట్టింది. పాత బయోస్‌తో ఉన్న ఏఎమ్5 (రైజెన్ 7000 కూర్చునే సాకెట్) బోర్డు కొని ఎక్స్‌పో వేసేముందు ఈ అప్‌డేట్ ఉందో లేదో చూడండి. మీ బోర్డులో ఆ వోల్టేజి 1.20, 1.25 దగ్గర పనిచేస్తే అక్కడే ఉంచండి.

అన్నిటికన్నా ఎక్కువగా భయపడాల్సింది చప్పుడు చేయని తప్పులకు. సిస్టమ్ హ్యాంగ్ కాదు, బ్లూ స్క్రీన్ రాదు. గంటల తరబడి కాపీ చేసిన ఫొటోల్లో ఒకటి సగం బూడిద రంగులో తెరుచుకుంటుంది. జిప్ ఫైలు విప్పితే తప్పంటుంది. అకౌంట్ల ఫైలులో ఒక అంకె మారుతుంది. మళ్లీ తీయలేని పెళ్లి ఫొటోలు, ఊరి సొసైటీ లెక్కలు, విద్యార్థి ప్రాజెక్టు ఉన్న సిస్టమ్‌లో ఐదు నిమిషాల కోసం క్లాక్ పెంచడం సబబు కాదని మా గట్టి అభిప్రాయం. ఆటలకు మాత్రమే వాడే సిస్టమ్ అయితే మీ ఇష్టం.

బూట్ కాకపోతే

కంగారు పడవద్దు. చాలా బోర్డులు మూడుసార్లు విఫలమయ్యాక తామే డిఫాల్ట్‌కు వస్తాయి, రెండు మూడు నిమిషాలు ఆగి చూడండి. రాకపోతే ప్లగ్ పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టి మిగిలిన కరెంటు పోనివ్వండి. బోర్డు మీద క్లియర్ సీమాస్ అని ఉన్న రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో పది సెకన్లు కలపండి. పిన్నులు కనిపించకపోతే గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ తీసి ఐదు నిమిషాలయ్యాక పెట్టండి. నాలుగైదేళ్ల బోర్డైతే ఆ బ్యాటరీ కొత్తది వేసేయండి. బూట్ అయ్యాక ముందు తీసుకున్న ఫొటోలు చూసి డిస్కు మోడ్, బూట్ వరస సరిచేసుకోండి. ఆ తర్వాత డిస్కుకు తప్పుల తనిఖీ ఒకసారి నడపండి.

ల్యాప్‌టాప్‌లు

ల్యాప్‌టాప్‌లో క్లాక్ పెంచే పని పెట్టుకోకండి, ఆ కూలర్‌కు మిగులు లేదు. వోల్టేజి తగ్గించడం మంచిదే గానీ 2019 డిసెంబరులో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో బయోస్ అప్‌డేట్లతో ఆ దారి మూసేశారు. థ్రాటిల్‌స్టాప్ సాఫ్ట్‌వేర్‌లో వోల్టేజి గడులు బూడిద రంగులో ఉంటే మూసినట్టే. దాన్ని తెరవడానికి పాత బయోస్ వేసుకోవడం అంటే భద్రతా లోపాన్ని వెనక్కి తెచ్చుకోవడం. తెరిచి ఉంటే కోర్, క్యాష్ రెండింటికీ మైనస్ 50 మిల్లీవోల్టులతో మొదలుపెట్టండి, వారం వాడి చూసేదాకా విండోస్‌తో పాటే మొదలయ్యేలా పెట్టవద్దు. పెడితే బూట్ అవుతూనే పడిపోయే వలయంలో చిక్కుకుంటారు. మూసి ఉంటే విండోస్ పవర్ ఆప్షన్లలో గరిష్ఠ ప్రాసెసర్ స్థితిని 100 నుంచి 99కి మార్చండి. చాలా ల్యాప్‌టాప్‌లలో టర్బో ఆగి వేడి బాగా తగ్గుతుంది, వేగం కూడా తగ్గుతుంది. మంచం మీద, దిండు మీద పెట్టి వాడితే ఇవేవీ పనిచేయవు.

పాత చిప్ కొనేటప్పుడు

కే అక్షరం ఉన్న పాత ఇంటెల్ చిప్ రాజమండ్రిలోనో కాకినాడలోనో చవగ్గా వస్తోందంటే ఇంతకుముందు ఎంత వోల్టేజితో నడిచిందో అడగండి. జవాబు ఏదైనా నమ్మకం పెట్టుకోకుండా దుకాణంలోనే బయోస్ డిఫాల్ట్‌కు తెచ్చి, ఓసీసీటీ అరగంట నడిపించి చూడండి. డిఫాల్ట్‌లో ఒక్క తప్పు చూపినా అది అరిగిన చిప్ అనుకోండి, ఏ ధరకూ వద్దు. 13, 14వ తరం అయితే బిల్లు, సీరియల్ నంబరు తీసుకుని పెరిగిన వారంటీ ఇంకా ఉందేమో చూసుకోండి. కొత్త చిప్‌ల విషయంలో ఓవర్‌క్లాక్ వల్ల జరిగిన నష్టం వారంటీలోకి రాదు. అందుకోసం ఇంటెల్ విడిగా అమ్మిన రక్షణ పథకం కూడా 2021లో ఆగిపోయింది.